ఫోటోను చేత్తో పెయింటింగ్‌లా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. హనుమకొండలో పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. ఖాళీ దొరికినప్పుడల్లా రామప్ప, ఖిలా వరంగల్, భద్రకాళి చెరువు తీసి పెట్టుకున్నాడు. వాటికి యాప్‌లో ఆయిల్ పెయింట్ ఫిల్టర్ వేస్తే అన్నీ ఒకే తీరుగా, మైనం పూసినట్టు వస్తున్నాయి. "అన్నా, పాతకాలం వాళ్లు చేత్తో చేసేవాళ్లట కదా, అది ఇప్పుడు ఇంట్లో అవుతుందా? ఏది ముందు నేర్చుకోవాలి, ఎంత ఖర్చు, ప్రమాదం ఏమన్నా ఉందా, చేస్తే ఎవరన్నా కొంటారా?" అని అడిగాడు.

అవుతుంది తమ్మీ. సయనోటైప్‌తో మొదలుపెట్టు, అంటే కాగితానికి రసాయనం పూసి ఎండలో పెట్టి నీలంరంగు ప్రింటు తీయడం. అది చేతికి వచ్చాక గమ్ ప్రింటింగ్‌కు, అంటే బంకలో రంగు కలిపి అచ్చువేసే పద్ధతికి పో. సయనోటైప్‌కు కాగితం, రెండు రసాయనాలు, ఫిల్మ్ షీట్లు అన్నీ కలిపి రెండు మూడు వేలలో మొదలవుతుంది, డాబా మీద ఎండ ఉంటే చాలు. గమ్‌లో వాడే డైక్రోమేట్ అనే రసాయనం విషం, దాన్ని వంటిల్లు, పిల్లలు ఉన్నచోట చేయొద్దు. పెళ్లి పనిలో తొందరగా అక్కరకు వచ్చేది మాత్రం ప్రింటు మీద చేత్తో రంగులు వేయడం.

కానీ ఈ మూడింటికీ ముందు ఒక పని ఉంది. ఫోటోలో ఏం వదిలేయాలో తేల్చుకున్నాకే రసాయనం జోలికి పో. నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. మంచి కాగితం కొంటారు, ద్రావణం సరిగ్గా కలుపుతారు, ప్రింటు బాగానే వస్తుంది. అయినా అది నీలంరంగు ఫోటోలాగే కనిపిస్తుంది.

ఎందుకంటే కెమెరా తన ముందున్న ప్రతిదాన్నీ ఒకే శ్రద్ధతో పట్టుకుంటుంది. చిత్రకారుడు అట్ల చేయడు. ముఖం దగ్గర నిలబడతాడు, చెట్టును నాలుగు గీతల్లో దాటేస్తాడు, వెనక గోడను ఒక్క పూతతో వదిలేస్తాడు. ఫిల్టర్ ఏం చేస్తుందంటే ఉన్న అంచులన్నిటినీ అట్లనే ఉంచి, అన్నిటి మీదా ఒకే కుంచె తిప్పుతుంది. ఆకుకూ కంటిపాపకూ ఒకటే కుంచె. నీకు మైనంలా అనిపించింది అదే.

వేయి స్తంభాల గుడినే తీసుకో. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో చెక్కని జాగా వెతికినా దొరకదు. మధ్యాహ్నం ఎండలో మొత్తం మండపం తీసి ప్రింటు చేస్తే ప్రతి పూస, ప్రతి గంట, ప్రతి పట్టీ కొట్లాడుకుంటాయి. అదే గుడిలో పొద్దుగాల లోపలికి పోయి, రెండు స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుతురును, ఒక స్తంభం నున్నటి అంచును మాత్రమే తీసి, మిగతాదంతా చీకట్లోకి పోనిస్తే బొమ్మ నిలబడుతుంది. ఆ రాయికి ఉన్న మెరుపు ఒక్క గీతలా వస్తుంది. చెక్కడమంతా చూపించకపోయినా చూసేవాడికి గుడి తెలుస్తుంది.

దీనికి నేను చేసే పరీక్ష సులువు. ఫోటోను ఫోన్‌లో బొటనవేలి గోరంత చెయ్యి. కళ్లు సగం మూసి చూడు. మూడు నాలుగు పెద్ద ముద్దలు, అంటే ఒక చీకటి, ఒక వెలుగు, మధ్యలో ఒకటో రెండో, విడివిడిగా కనబడితే ఆ ఫోటో చేతి ప్రింటుకు పనికొస్తుంది. గజిబిజిగా కనబడితే పక్కన పెట్టు. అది మంచి ఫోటో కావచ్చు, ఈ పనికి మాత్రం సరిపోదు.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. 1888లో కొడాక్ కెమెరా వచ్చాక బటన్ నొక్కగలిగిన ప్రతివాడూ ఫోటో తీయగలిగాడు. ఇప్పుడు ఫోన్లతో మనం చూస్తున్నది అప్పుడు వాళ్లు చూశారు. అప్పటికే ఫోటోగ్రఫీని కళగా నమ్మినవాళ్లు తమ చెయ్యి అందులో కనిపించాలని పట్టుబట్టారు. లండన్‌లో 1892లో లింక్డ్ రింగ్ అనే బృందం ఏర్పడింది. పారిస్‌లో రాబర్ట్ డెమాషీ గమ్ ప్రింట్లను కుంచెతో కడిగి, కొన్నిచోట్ల గీకి, ఎర్రసుద్దతో గీసిన బొమ్మలా తయారుచేసేవాడు. ఆస్ట్రియాలో హైన్రిష్ క్యూన్, అతని ఇద్దరు సహచరులు హెన్నెబెర్గ్, వాట్‌జెక్ ఒకే కాగితం మీద పొరల మీద పొరలుగా గమ్ ప్రింట్లు చేశారు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1902లో ఫోటో సెసెషన్ అనే బృందం మొదలుపెట్టి, 1903 నుంచి 1917 దాకా కెమెరా వర్క్ అనే పత్రిక నడిపాడు. ఆ బృందంలోని ఎడ్వర్డ్ స్టైకెన్ 1904లో తీసిన చెరువు, వెన్నెల ఫోటో ప్రింటు ఒకటి 2006 వేలంలో 29 లక్షల డాలర్లకు పోయింది. అందులో ఉన్నది చెట్ల చీకటి, నీళ్లు, కొమ్మల వెనక చంద్రుడు, అంతే. పైన పూసిన రంగు పొరల వల్ల ఏ రెండు ప్రింట్లూ ఒకేలా లేవు.

వాళ్లను వ్యతిరేకించినవాళ్లూ గట్టివాళ్లే. 1932లో అమెరికా ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ వాళ్లు ఎఫ్ 64 అనే బృందం పెట్టి, ఫోటో ఫోటోలాగే పదునుగా ఉండాలన్నారు. వెస్టన్ కూడా మొదట్లో మెత్తటి, మసక ఫోటోలు చేసి బయటికి వచ్చినవాడే. వాళ్ల మాటలో న్యాయం ఉంది. బలహీనమైన ఫోటోను మసక వెనక దాచడానికి ఈ పద్ధతులు వాడితే ఎవరికైనా తెలిసిపోతుంది. అందుకే నేను ముందు ఫోటో ఎంపిక మీద ఇంతసేపు నిలబడ్డా.

మన దగ్గర దారి వేరేగా నడిచింది. 19వ శతాబ్దంలో రాజస్థాన్ ఆస్థానాల్లో చిత్రకారులు ఫోటో మీద చిక్కటి రంగు వేసి, కింద ఫోటో ఉందని కూడా తెలియకుండా చేసేవాళ్లు. పాశ్చాత్యులు పలుచటి రంగు పూసి ఫోటోను బయటికి కనిపించనిస్తే, మనవాళ్లు ముఖం ఒక్కటి వదిలి మిగతాదంతా చిత్రంగా మార్చేశారు. మన ప్రాంతానికి వస్తే, కోరుట్లలో పుట్టిన బండి రాజన్‌బాబు ఫోటోగ్రఫీని కళగా నమ్మి, హైదరాబాద్‌లో ఎందరికో నేర్పారు. మన వరంగల్ గుడిమల్ల భరత్ భూషణ్ ఫోటోలు తీయడంతోపాటు బొమ్మలూ వేసినవారు. బతుకమ్మలను, తెలంగాణ పల్లె బతుకును ఆయన పట్టిన తీరు ఒకసారి చూడు. ఫ్రేములో ఏది ఉంచాలో తెలిసిన కన్ను అది.

ఇక పనిలోకి వద్దాం.

సయనోటైప్. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. మరుసటి ఏడాదే ఆనా అట్కిన్స్ సముద్రపు నాచు మొక్కలను దీనితో అచ్చువేసి పుస్తకం మొదలుపెట్టింది. కావలసినవి రెండు: ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, ఆకుపచ్చ రకం అడుగు, గోధుమరంగుది అంత బాగా పనిచేయదు. రెండోది పొటాషియం ఫెర్రిసయనైడ్. కాలేజీ ల్యాబులకు సరుకు ఇచ్చే షాపుల్లో దొరుకుతాయి. మొదటిది 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో, రెండోది 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో విడివిడిగా కలిపి, గోధుమరంగు సీసాల్లో పెట్టుకో. పని చేసే రోజున ఎంత కావాలో అంతే సమానంగా కలుపు. ఏ4 కాగితానికి నాలుగు మిల్లీలీటర్లు సరిపోతాయి. మొదటి సీసాలో బూజు పడుతుంది, గుడ్డలో వడకట్టి వాడుకోవచ్చు. ఫెర్రిసయనైడ్ పేరు చూసి భయపడకు, మామూలుగా వాడితే ఇబ్బంది లేదు. అయితే దాన్ని వేడి చేయొద్దు, ఘాటు యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఎండ తగలని గదిలో చిన్న పసుపు బల్బు వెలుతురులో కాగితం మీద కుంచెతో పూసి, చీకట్లో ఆరబెట్టు. ఫోటోను నెగెటివ్‌గా మార్చి, ప్రింటు ఎంత సైజు కావాలో అంతే సైజులో పారదర్శకంగా ఉండే ఇంక్‌జెట్ ఫిల్మ్ మీద ప్రింటు తీయించు. జిరాక్స్ షాపులో లేజర్ ఫిల్మే దొరికితే నలుపు పలచగా ఉంటుంది, రెండు షీట్లు ఒకదానిమీద ఒకటి సరిచేసి పెట్టుకోవాలి. అదీ లేకపోతే మామూలు కాగితం మీద తీసిన నెగెటివ్‌కు వెనక నూనె రాసి, పైది బాగా తుడిచి వాడొచ్చు. కాగితం పీచు ఆ ప్రింటులోకి దిగుతుంది. కొన్ని బొమ్మలకు అదే అందం. నా మటుకు నాకు చెరువు ఫోటోలకు ఫిల్మ్ కంటే నూనె కాగితమే నచ్చుతుంది.

పాత ఫోటో ఫ్రేము అద్దం కింద నెగెటివ్, కాగితం కలిపి బిగించి ఎండలో పెట్టు. మన ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం ఎండకు ఐదు నుంచి పది నిమిషాలు చాలు. వానాకాలం మబ్బుల్లో అరగంట దాటుతుంది. చీకటి భాగాలు బూడిదరంగుకు తిరిగి, కాస్త కంచు మెరుపు వచ్చేదాకా ఆగు. కడిగితే చాలా తగ్గిపోతుంది కాబట్టి నీ కంటికి ఎక్కువైందనిపించేదాకా ఉంచాలి. తర్వాత పసుపు పోయేదాకా నీళ్లలో కడుగు. అసలు నీలం ఒక రోజు గాలికి ఉంటే ఎక్కుతుంది. ఆత్రం ఆగకపోతే కడిగే ట్రేలో కొన్ని చుక్కల హైడ్రోజన్ పెరాక్సైడ్ వెయ్యి, అప్పటికప్పుడు ముదురుతుంది.

ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒకటి చెప్పాలి. బోరు నీళ్లతో మొదటి కడుగు వద్దు. ఈ నీలానికి క్షారం పడదు. మన బోరు నీళ్లు ఎక్కువచోట్ల కఠినంగా, క్షారంగా ఉంటాయి. నీలం పాలిపోయి, వెలుగు భాగాల్లో ఉన్న సన్నటి ఛాయలు కొట్టుకుపోతాయి. ఫిల్టర్ నీళ్లో వాన నీళ్లో పట్టి, అందులో చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి మొదటి కడుగు పెట్టు. ఇంటర్నెట్‌లో చూసి చేసినవాళ్లు "ఆకాశం మొత్తం తెల్లగా పోయింది" అని వచ్చినప్పుడు చాలాసార్లు కారణం ఇదే. కాగితం కూడా అంతే. ఎక్కువకాలం నిలవడానికి సుద్ద కలిపిన కాగితాలు బజారులో ఉంటాయి, వాటి మీద నీలం సరిగ్గా రాదు. 300 జీఎస్ఎం నూలు వాటర్‌కలర్ కాగితం తీసుకుని ముందు చిన్న ముక్క మీద చూసుకో.

ఇంతవరకు చేసినా వచ్చేది నీలం ఫోటోనే. అందులోకి చెయ్యి దూరేది రెండు చోట్ల. మొదటిది పూత. కాగితం అంతటా సమానంగా పూయనక్కర్లేదు. నీకు అక్కర్లేని మూలలను పూయకుండా వదిలెయ్యి, పలచగా లాగు, తడిగుడ్డతో తుడిచెయ్యి. అయితే చుట్టూ కుంచె గీతలు కనిపించేలా పూసి, మధ్యలో ఫోటోను ఉన్నదున్నట్టు ఉంచడం ఇప్పుడు ఫ్యాషనైపోయింది. అది అలంకారమే తప్ప బొమ్మకు ఒరిగేదేం లేదు. పూత ఎక్కడ ఆగాలో బొమ్మను చూసి నిర్ణయించుకో.

రెండోది రంగు మార్చడం. చాకలి సోడా ఒక చెంచా లీటరు నీళ్లలో వేసి ప్రింటు ముంచితే నీలం పసుపుకు తిరుగుతుంది. బాగా కడిగి, చిక్కటి టీ డికాక్షన్‌లో వేస్తే గోధుమ, నలుపు కలిసిన రంగు వస్తుంది. నేను టీకి బదులు కరక్కాయ కషాయం వాడతాను. కరక్కాయలోని టానిన్, కాగితంలో ఉన్న ఇనుము కలిస్తే నల్లబడుతుంది, పాతకాలం సిరా తయారైంది కూడా ఇట్లాగే. కాగితానికి కొద్దిగా పసుపు ఛాయ అంటుతుంది.

రామప్ప గుడి మదనికల, అంటే అక్కడి స్త్రీ శిల్పాల, ఫోటోల మీద దీన్ని చాలా వాడాను. 1213 నాటి ఆ గుడి ఒళ్లంతా ఎర్ర ఇసుకరాయి, మదనికలు మాత్రం నల్లటి డోలరైట్ రాయి. పూర్తిగా సోడాలో ముంచకుండా, కుంచెతో సోడా నీళ్లు మదనిక చుట్టూ ఉన్న గోడ మీద మాత్రమే పూసి, కడిగి, కరక్కాయలో వేశాను. మదనిక నీలి నలుపులో నిలబడింది, వెనక గోడ మట్టిరంగులోకి జారింది. రెండు రాళ్ల తేడా ప్రింటులోకి వచ్చింది. ఫోటోషాప్‌లో ఆ తేడా చేయొచ్చు, కానీ సోడా నీళ్లు పాకిన ఆ అంచు చేత్తో తప్ప రాదు.

గమ్ బైక్రోమేట్. గమ్ ప్రింటింగ్ పూర్తి పేరు ఇదే, బైక్రోమేట్ అన్నా డైక్రోమేట్ అన్నా ఒకటే. నువ్వు అడిగిన పెయింటింగ్ ఇక్కడ ఉంది. డైక్రోమేట్‌కు వెలుతురుతో మారే గుణం ఉందని 1839లో మంగో పాంటన్ చెప్పాడు. 1855లో ఆల్ఫోన్స్ పాయిటెవిన్ దాన్ని రంగుతో అచ్చుకు వాడాడు. సూత్రం చిన్నది. బంక, రంగు, డైక్రోమేట్ కలిపి కాగితానికి పూస్తే, వెలుతురు తగిలినచోట బంక గట్టిపడి రంగును పట్టుకుంటుంది. తగలనిచోట నీళ్లలో కరిగి రంగుతో సహా పోతుంది. పెళ్లికార్డుల స్క్రీన్ ప్రింటింగ్ చూసి ఉంటే ఇది నీకు కొత్త కాదు, అక్కడ స్క్రీన్ మీద పూసే ఎమల్షన్ గట్టిపడేది కూడా ఇదే పద్ధతిలో.

గమ్ అరబిక్ ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు కలిపి రాత్రంతా నాననివ్వు. మన నల్లతుమ్మ బంక కూడా పనిచేస్తుంది. రంగు కాస్త ముదురు, చెత్త ఎక్కువ, పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. ముదురు రంగుల పొరకు తుమ్మ బంక, లేత రంగులకు కొన్న గమ్ అరబిక్, నా పద్ధతి ఇది. బంకలో వాటర్‌కలర్ ట్యూబ్ రంగు కలిపి, అంతే కొలత డైక్రోమేట్ ద్రావణం చేర్చి పలచగా పూయాలి. మట్టి రంగులు మంచివి: జేగురు, పసుపు ఓకర్, దీపపు మసి నలుపు. రంగు ఎక్కువేస్తే కాగితానికి మరక పట్టి పోదు.

ఒక్క పొరలో అన్ని ఛాయలూ రావు. చీకట్లకు ఒక పొర, మధ్య ఛాయలకు ఇంకొకటి, వెలుగులకు పలచటి మూడోది. ప్రతిసారీ కాగితం తడిసి ఆరుతుంది, ఆరినప్పుడల్లా కుదించుకుపోతుంది. అందుకే ముందే వేడినీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి, తర్వాత పలచటి జెలటిన్‌లో పటిక కలిపి పూయాలి. ఈ పూత లేకపోతే రంగు పీచులోకి దిగి ఎంత కడిగినా వదలదు. చేర్యాల నకాశీ కళాకారులు ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పేస్టు, బంక పట్టించి బొమ్మకు నేల తయారుచేసుకున్నాకే గీత గీస్తారు. వాళ్ల పని దగ్గర కూర్చుని చూస్తే ఓపిక ఎక్కడ పెట్టాలో అర్థమవుతుంది. ఆ బట్ట మీద గమ్ ప్రింటు చేయొచ్చు. సయనోటైప్ మాత్రం సుద్ద పూత మీద నిలవదు.

మన ఎండల్లో ఇంకో చిక్కు. డైక్రోమేట్ పూసిన కాగితం వేడికి, తేమకు చీకట్లో కూడా తనంతట తాను గట్టిపడుతుంది. మే నెలలో పొద్దున పూసింది సాయంత్రానికి పనికిరాదు. తెల్లవారుజామున పూసి, ఆరగానే ఎండకు పెట్టాలి. శీతాకాలం ఈ పనికి మంచి కాలం.

కడగడమే అసలు పని. ఎండ తగిలిన కాగితాన్ని బోర్లా నీళ్ల మీద తేలనిచ్చి అరగంట వదిలేస్తే వదులు రంగు తనంతట దిగిపోతుంది. తర్వాత వెల్లకిలా తిప్పితే, ఇంకా గట్టిపడని రంగు కాగితం మీద వణుకుతూ ఉంటుంది. అప్పుడు మెత్తటి కుంచెతో ఎక్కడ ముట్టుకుంటే అక్కడ వెలుగు వస్తుంది. నీళ్ల ధార పోస్తే వాన పడ్డట్టు గీతలు వస్తాయి. దూదితో అద్దితే మబ్బులా విడిపోతుంది. డెమాషీ చేసింది ఇదే. ఆ పది నిమిషాల్లో నువ్వు ఫోటోగ్రాఫర్‌గా కాకుండా చిత్రకారుడిలా ఆలోచిస్తావు. ఏది ఉంచాలి, ఏది పోనివ్వాలి అన్నది ముందే తేల్చుకోమన్నది ఈ ఘడియ కోసం. నీళ్లలో చెయ్యి పెట్టాక ఆలోచించడానికి తీరిక ఉండదు.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి కుప్పలు, బస్తాల మధ్య కూర్చున్న రైతు ఫోటో ఒకటి ఇట్లా చేశాను. కింద లేత సయనోటైప్, పైన ఎరుపు గమ్ పొర. నీలం మీద ఎరుపు పడితే ఊదా అవుతుంది, మిర్చి మిర్చిలా ఉండదు. అందుకని సయనోటైప్ పూసేటప్పుడే మిర్చి కుప్ప జాగాను ఖాళీగా వదిలాను. ఎరుపు పొర కడిగేటప్పుడు కుప్ప మీద తప్ప మిగతా అంతటా కుంచెతో తీసేశాను, రైతు తలపాగా మీద కొంచెం ఉండనిచ్చాను. వందల బస్తాలున్న యార్డు నీలి మసకలోకి పోయింది. ఆ ఎరుపు, ఆ తలపాగా, రేటు కోసం ఎదురుచూసే మనిషి మిగిలారు. ఫోటోలో అంతా ఉన్నప్పుడు అతని ఎదురుచూపు కనిపించలేదు.

కొత్తవాడ జంపఖానాల మగ్గాల దగ్గర తీసినవి మాత్రం గమ్‌లో నాకు నచ్చలేదు. అక్కడ బొమ్మ బలం పోగులో, డిజైన్ అంచులో ఉంది, దాన్ని మెత్తబరిస్తే ఏం మిగలదు. వాటిని పదునైన నలుపు తెలుపులోనే ఉంచాను. ప్రతి ఫోటోకూ ఈ పద్ధతి అక్కర్లేదు.

డైక్రోమేట్ విషయంలో మొహమాటం వద్దు. ఇది ఆరు వేలెన్సీ క్రోమియం. క్యాన్సర్ కారకం, చర్మానికి పుండ్లు చేస్తుంది, పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. యూరప్‌లో 2017 నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా వాడనివ్వరు. నైట్రైల్ గ్లౌజులు వేసుకో, తూచేటప్పుడు మాస్కు పెట్టుకో, దానికి వాడిన గిన్నె, చెంచా మళ్లీ ఇంట్లోకి రావద్దు. కడిగిన నీళ్లు మోరీలో, చెరువులో పోయొద్దు. వాటిని డ్రమ్ములో పట్టి, కొంచెం యాసిడ్ గుణం ఉండేలా చేసి సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే నారింజ రంగు పోయి ఆకుపచ్చగా మారుతుంది. అంటే తక్కువ హానికరమైన క్రోమియంగా మారింది. గాలి ఆడే చోటనే చెయ్యి, ఘాటు వాయువు వస్తుంది. అప్పుడైనా దాన్ని రసాయన వ్యర్థాలు తీసుకునే కాలేజీ ల్యాబుకు అప్పగించు. ఇదంతా చేయలేనంటే గమ్ జోలికి పోకు. స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు వాడే, డైక్రోమేట్ లేని డయాజో ఎమల్షన్‌లో రంగు కలిపి కూడా ఇట్లాంటి ప్రింటు చేయొచ్చు. సన్నటి ఛాయలు కొంత తగ్గుతాయి, కానీ ఇంట్లో చిన్నపిల్లలుంటే నేను అదే చేయమంటాను.

పసుపుతో కూడా చేయొచ్చు. మెట్‌పల్లి, నిజామాబాద్ పసుపును స్పిరిట్‌లో నానబెట్టి వడకట్టి కాగితానికి పూసి, నెగెటివ్ బదులు పాజిటివ్ ఫిల్మ్ పెట్టి కొన్ని గంటలు ఎండలో ఉంచితే వెలుతురు తగిలినచోట రంగు పోతుంది. బోరాక్స్ నీళ్లలో ముంచితే మిగిలింది ఎర్రబడుతుంది. బతుకమ్మ ఫోటోలకు బాగుంటుంది. గోడకు పెడితే మాత్రం వెలిసిపోతుంది, పుస్తకంలో మూసి దాచుకోవాలి. పిల్లలకు నేర్పడానికి దీనికి మించింది లేదు.

బ్రోమాయిల్ గురించి ఎక్కడన్నా చదివి ఉంటావు. ప్రింటులో వెండిని తీసేసి, జెలటిన్ మీద నూనె సిరాను కుంచెతో పొడిచి ఎక్కించడం. అద్భుతంగా ఉంటుంది, కానీ దానికి సరిపడే పాత రకం బ్రోమైడ్ కాగితం దొరకడం కష్టం. ఇప్పుడే దాని వెంట పడకు.

చేత్తో రంగులు. నీ పెళ్లి పనికి ఇది. పిగ్మెంట్ ఇంకు ఉన్న ప్రింటర్‌లో, మ్యాట్ నూలు కాగితం మీద కొంచెం పలచటి నలుపు తెలుపు ప్రింటు తీయించు. మూలన ఒక నీటిచుక్క వేసి చూడు, ఇంకు పాకితే అది డై ఇంకు, పనికిరాదు. పాకకపోతే వాటర్‌కలర్, రంగు పెన్సిళ్లు రెండూ పనిచేస్తాయి. ఒకప్పుడు మన ఊళ్ల స్టూడియోల్లో బుగ్గలకు గులాబీ, చీరకు ఎరుపు పూసి ఇచ్చేవాళ్లు. నువ్వు అన్నిటికీ వేయకు. జనగామ దగ్గర ఒక కుటుంబం చనిపోయిన పెద్దమ్మ పెళ్లినాటి ఫోటో తెచ్చింది. పెద్దబిడ్డను కూర్చోబెట్టి అడిగితే చీర అంచు రంగు, బొట్టు సైజు చెప్పింది. ఆ రెండే వేశాను, మిగతా అంతా నలుపు తెలుపులో ఉంచాను. ముఖం మీద కుంచె పెట్టలేదు. ఇంకో ప్రింటు తీసి ఒళ్లంతా రంగులేసి చూపిస్తే వాళ్లు మొదటిదే తీసుకున్నారు.

చివరగా అమ్మకం సంగతి. కొంటారు, కానీ నీ పెళ్లి ఆల్బమ్ రేటుతో పోల్చి అడుగుతారు. అందుకని ప్యాకేజీలో కలపకు. ఒక జంటకు ఒక్క బొమ్మ, ఫ్రేముతో సహా, విడిగా ధర చెప్పు. అదే నెగెటివ్‌తో ఇంకోటి చేసినా ఇట్లా రాదని చేసి చూపించు. రెండు పక్కపక్కన పెడితే మాటలక్కర్లేదు. వెనక పెన్సిల్‌తో పద్ధతి, కాగితం, వాడిన రంగులు, తేదీ రాసి సంతకం పెట్టు. సయనోటైప్ కొన్నవాళ్లకు నేరుగా ఎండ పడే గోడకు పెట్టొద్దని చెప్పు. వెలిసినా గాబరా పడొద్దని, కొన్ని రోజులు చీకటి బీరువాలో ఉంచితే నీలం చాలావరకు తిరిగి వస్తుందని కూడా చెప్పు. సోడా, కరక్కాయ పట్టించినదానికి ఇది వర్తించదు, అది వేరే రసాయనం.

నీ రామప్ప ఫోటోల్లో మూడు నాలుగు ముద్దల పరీక్షకు నిలిచేవి ఏవో చూసి ఇక్కడ పెట్టు. దేనికి సయనోటైప్, దేనికి గమ్ అన్నది బొమ్మ చూస్తే గానీ చెప్పలేను.